పరీక్షకు ఐదు నక్షత్రాలు, కౌంటర్‌కు రెండు

మా అక్క కొడుక్కి నాలుగేళ్లు నిండాయి. విడివిడి మాటలే తప్ప వాక్యం రాదు. "చెప్పులు తెచ్చి గుమ్మం దగ్గర పెట్టు" అంటే, తెచ్చి మన ముఖం చూస్తూ నిలబడతాడు. వేలితో చూపిస్తేనే పెడతాడు. మగపిల్లలకు మాటలు ఆలస్యమేనని ఇంట్లో అందరూ సర్దిచెప్పుకున్నారు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని, ఆ ఓదార్పు చాలా ఇళ్లలో విన్నదాన్ని. ముందు వినికిడి చూపిద్దామని దేవరకొండ నుంచి నల్లగొండలోని ఒక కేంద్రానికి తీసుకెళ్లాను.

శబ్దానికి మెదడు ఎలా స్పందిస్తుందో కొలిచే వినికిడి పరీక్ష బెరా. దానికి పిల్లాడు నిద్రలో ఉండాలి. రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి పొద్దున్నే లేపమన్నారు. బస్సులో పడుకోనివ్వొద్దని మాత్రం ఎవరూ చెప్పలేదు! మల్లేపల్లి రాకముందే వాడు నిద్రలోకి జారుకుని, నల్లగొండలో హుషారుగా దిగాడు. మళ్లీ కునుకు పట్టేదాకా, వినికిడి పరీక్షించే ఆడియాలజిస్టు అమ్మాయి విసుక్కోకుండా ఆగింది.

నుదుటి మీద, చెవుల వెనక చర్మాన్ని జెల్‌తో రుద్ది తీగలున్న బిళ్లలు అతికించి, చెవుల్లో టిక్కుటిక్కుమనే శబ్దాలు పెట్టారు. ఒక్కో శబ్దానికి మెదడు స్పందన అతి స్వల్పం కనుక వేల శబ్దాలు వినిపించి సగటు తీస్తారట. తెర మీద పది మిల్లీసెకన్లలోపే ఐదు అలలు. శబ్దం తగ్గిస్తూ పోతే చివరిదాకా నిలిచేది ఐదోది. మా వాడికి 30 డెసిబెల్స్ దగ్గర, అంటే మెల్లని శబ్దానికి కూడా అది కనిపించింది.

కౌంటర్‌లో రిపోర్టు చేతికిస్తూ "అంతా నార్మల్, బాబుకు ఏ సమస్యా లేదు" అని తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. శబ్దం చెవి నుంచి మెదడు కాండం (మెదడు అడుగు భాగం) దాకా చేరిందనే ఈ పరీక్ష చెబుతుంది. చేరినది మాటగా అర్థమైందా అన్నది దీనికి తెలియదు. వినికిడి బాగున్నా భాష దగ్గర ఆగిపోయే పిల్లలు వందకు సుమారు ఏడుగురు ఉంటారు.

"అర్థమైందో లేదో ఈ తీగలతోనే చూడలేరా?" అని ఆడియాలజిస్టునే అడిగాను. పరిశోధనల్లో చూస్తారట. "అన్నంలో చెప్పు కలుపుకున్నాను" లాంటి పొసగని మాట తగిలితే దాదాపు 400 మిల్లీసెకన్లకు మెదడులో ఒక అల లేస్తుంది. 1980లో కుటాస్, హిల్యార్డ్ అనే పరిశోధకులు దాన్ని బయటపెట్టారు, పేరు ఎన్400. భాషా లోపం ఉన్న పిల్లల్లో ఇలాంటి అలలు తేడాగా కనిపించిన అధ్యయనాలున్నాయి కానీ అవి గుంపుల సగటులు. ఒక్క పిల్లాడి సంగతి తేల్చడానికి చాలవు. అందుకు స్పీచ్ థెరపిస్టు బొమ్మలు ముందేసుకుని వాడితో కూర్చోవాల్సిందే.

ఆ థెరపిస్టు అక్కడ శనివారమే ఉంటారు. ఫోను చేసి వెళ్లండి, బస్సులో పిల్లాడిని కిటికీ పక్కన కూర్చోబెట్టి మాట్లాడిస్తూ ఉండండి.