మొటిమలకు చైనా వైద్యపు ముఖం మ్యాపా, చర్మ డాక్టరా: ఏది మేలు?

మొన్న మా మేనకోడలు ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. మనిషి ముఖాన్ని పొలం గట్లు వేసినట్టు విడగొట్టి నుదురు పేగులది, బుగ్గలు ఊపిరితిత్తులవి, ముక్కు గుండెది, గడ్డం కిడ్నీలది, ఎక్కడ మొటిమ లేస్తే ఆ అవయవంలో తేడా ఉన్నట్టే అని రాశారు. పైన ‘చైనా ప్రాచీన వైద్యం’ అని పేరు. "అత్తా, నాకు గడ్డం మీదే వస్తున్నాయి. కిడ్నీ టెస్ట్ చేయించుకోనా?" అంది.

రెండు వేల ఏళ్ల నాటి చైనా వైద్య గ్రంథం ‘హువాంగ్‌డీ నైజింగ్’లో ఇలాంటి మాట ఉంది, కాదనను. ఎడమ చెంప కాలేయానిదట, కుడిది ఊపిరితిత్తులదట, నుదురు గుండెది, ముక్కు ప్లీహానిది, గడ్డం మూత్రపిండాలది. అయితే అక్కడ చెప్పింది జ్వరాల గురించి. ఏ అవయవానికి వేడి పట్టిందో ముఖంలో ముందు ఎక్కడ ఎర్రబడుతుందో చూసి పోల్చుకోమంటుంది. మొటిమల ఊసు వేరేచోట వస్తుంది: కష్టపడి చెమట పట్టిన ఒంటికి గాలి తగిలితే పుడతాయని. 1742లో చైనా చక్రవర్తి ఆజ్ఞతో తయారైన వైద్య గ్రంథం ‘ఈజోంగ్ జిన్‌జియన్’ అయితే ముఖం మీద, ముక్కు మీద వచ్చేవాటన్నిటికీ ఊపిరితిత్తుల వేడే కారణమని తేల్చి, లోక్వాట్ అనే పండ్లచెట్టు ఆకుల కషాయం రాసింది. అంటే ఫోన్‌లోని పటం పాత గ్రంథంతోనే కుదరదు. ముక్కు ఎవరిదో ముందు వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి!

పైగా ఆ వైద్యంలో ‘మూత్రపిండం’ అంటే మన ల్యాబ్‌లో క్రియాటినిన్ చూసే కిడ్నీ ఒక్కటే కాదు. ఎదుగుదల, సంతానశక్తి కూడా దాని లెక్కలోకే వస్తాయి. చర్మ డాక్టర్లూ టీనేజీ దాటిన ఆడవాళ్లకు గడ్డం, దవడల మీద పదే పదే వస్తుంటే హార్మోన్ల వైపు చూస్తారు, నెలసరి సరిగా వస్తోందా, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలకు వచ్చే సమస్య) ఉందా అని అడుగుతారు. ఈ ఒక్కచోట రెండు దారులూ దగ్గరగా వస్తాయి. అంతమాత్రాన పటమంతా నిజమైపోదు.

మామిడిపండ్లు తిని మొటిమ లేస్తే మనం ‘వేడి చేసింది’ అంటాం. చైనావాళ్లు ‘షాంగ్‌హువో’ అంటారు, నిప్పు పైకెక్కిందని. మనకు మజ్జిగ, సబ్జా నీళ్లు ఎలాగో దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో చేదు మూలికల చలవ టీ అలాగ. తాగితే హాయిగానే ఉంటుంది. కానీ చర్మ రంధ్రంలో జిడ్డు, మృతకణాలు బిగుసుకుని, అక్కడ బాక్టీరియా పెరిగి వాచినదాన్ని ఆ టీ తెరవదు.

దానికి పూత మందులున్నాయి. 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్, రాత్రిపూట అడాపలీన్. ఫలితం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది రెండో వారంలోనే ‘పని చేయట్లేదు’ అని ట్యూబ్ పారేస్తారు. గర్భం కోసం చూస్తున్నవాళ్లు అడాపలీన్ జోలికి పోకూడదు. మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టెరాయిడ్ క్రీమ్ అన్నిటికంటే చెడ్డది. నాలుగు రోజులు మెరిపించి, ఆనక మొటిమల్ని రెట్టింపు చేస్తుంది.

చైనా వైద్యుడి దగ్గర నాకు నచ్చేది వేరే ఉంది. నాలుక చూస్తాడు, నాడి పడతాడు, నిద్ర, విరేచనం, టెన్షన్ అన్నీ అడుగుతాడు. మన దగ్గర ఐదు నిమిషాల్లో చీటీ రాసిచ్చే క్లినిక్‌లు ఇది నేర్చుకోవచ్చు. కానీ ఏ మూలికలున్నాయో తెలియని పొట్లం మాత్రం వద్దంటాను. 1990లలో బెల్జియంలో సన్నబడటానికని చైనా మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్ల కిడ్నీలు నిజంగానే దెబ్బతిన్నాయి. వాటిలో కిడ్నీలను పాడుచేసే అరిస్టొలోకియా అనే మొక్క కలిసింది.

అందుకే నా ఓటు చర్మ డాక్టర్‌కే. పటాన్ని మాత్రం అడగాల్సిన ప్రశ్నలు గుర్తుచేసే బొమ్మగా ఉంచుకోవచ్చు. పిల్లను నెలసరి గురించి అడిగితే రెండు నెలలకోసారి వస్తోందంది. కిడ్నీ టెస్ట్ మానిపించి గైనకాలజిస్ట్ దగ్గరికి పంపాను. నుదురంతా పొక్కులున్న వాళ్ల తమ్ముడికి ఏ పటమూ అక్కర్లేకపోయింది. రోజూ తలకు కొబ్బరినూనె కారేలా రాసుకుంటున్నాడు, అది తగ్గించమన్నాను.