ఘాట్లో నిలిచిపోయే పికప్పుకు ఏది మేలు: స్పేరు సామాను మార్చడమా, స్కానింగా, ఆర్‌పీఎం ముల్లు చూడటమా?

బంగారుపాళెంలో బేనీషా కాయలు ఎత్తుకుని బెంగళూరు పోవాలంటే మొగిలి ఘాటు ఎక్కక తప్పదు. పోయిన మామిడి సీజన్లో మా పికప్పు అక్కడే ఐదుసార్లు నిలిచిపోయింది. పదేళ్లు దాటిన కామన్ రైల్ డీజిల్ బండి, అంటే రైల్ అనే ఒకే గొట్టంలో డీజిల్‌ను భారీ ఒత్తిడితో నింపి నాజిళ్లన్నింటికీ పంచే రకం. పది నిమిషాలు ఆగి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. చిత్తూరులో షెడ్డుకు తీసుకుపోతే గంటసేపు ఐడిల్‌లో పెట్టినా ఆగదు. మెకానిక్కు ముందు బండి ఎప్పుడూ బుద్ధిమంతురాలే.

ఇలాంటప్పుడు మనవాళ్లు మొదట పట్టేది సామాను మార్చే దారి. డీజిల్ ఫిల్టరు వరకైతే నేనూ ఒప్పుకుంటాను. ఖర్చు తక్కువ, ఎటూ మార్చాల్సిందే. అడుగున నీళ్లు చేరాయేమో ఆ చేత్తోనే చూసుకోవచ్చు. చిక్కంతా ఆ తర్వాతే. ఫిల్టరుతో తగ్గకపోతే పంపు, పంపుతో తగ్గకపోతే నాజిళ్లు అంటూ పోతే, బండి అమ్మినా రానంత బిల్లు అవుతుంది. పాత పంపుల మీద చేయి తిరిగిన మెకానిక్కులు బండి ఆన్‌లో ఉండగానే నాజిల్ పైపు నట్టు ఒక్కొక్కటీ వదులు చేసి ఏ సిలిండరు మండటం లేదో (మిస్సింగ్) పట్టేవాళ్లు. కామన్ రైల్ బండి మీద ఆ విద్య చూపించనివ్వకండి. ఐడిల్‌లోనే రైల్లో 250, 300 బార్ ఒత్తిడి ఉంటుంది, లోడు మీద వెయ్యి దాటుతుంది. ఆ సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అదంటే ఆస్పత్రి పనే.

రెండోది స్కానింగ్, అంటే ఇంజిను కంప్యూటరుకు (ఈసీయూ) స్కానర్ తగిలించి అది దాచుకున్న తప్పుల కోడ్‌లు చదవడం. ఇక్కడ ఒక మాట ముందే తెలుసుకోవాలి. బీఎస్-3 (పాత పొగ ప్రమాణం) బండ్ల అమ్మకం 2017 ఏప్రిల్ 1న ఆగింది. మీ పికప్పు అంతకు ముందుదైతే, ఫోనుకు కలిపే చవక బ్లూటూత్ అడాప్టరు దానితో మాట్లాడకపోవచ్చు. సాకెట్టు 16 పిన్నులదే ఉన్నా లోపల భాష కంపెనీ సొంతది కావచ్చు. కాబట్టి ఆ మోడల్‌కు పనికొచ్చే స్కానర్ ఉన్న షెడ్డే వెతుక్కోవాలి.

స్కానర్ పెట్టినా, కోడ్ చూసి సామాను కొనడం మొదటి దారికి తమ్ముడే. పి0335 అంటే ఇంజిను తిరుగుడును కనిపెట్టే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్లో తేడా. సెన్సార్ పోయి ఉండొచ్చు, దాని వైరు ఒరుసుకుపోయి ఉండొచ్చు, కనెక్టరులో నూనె చేరి ఉండొచ్చు. పి0087 అంటే రైల్లో ఒత్తిడి చాలలేదని మాత్రమే, పంపు పోయిందని కాదు. ఫిల్టరు మూసుకుపోయినా, పైపు గాలి పీల్చినా అదే కోడ్ వస్తుంది. పైగా అప్పుడప్పుడూ వచ్చే జబ్బు ఒక్కోసారి ఏ కోడూ మిగల్చదు.

అయినా స్కానర్‌ను తీసిపారేయను. దాని అసలు సత్తా లైవ్ డేటాలో ఉంది. కావాల్సిన రైల్ ప్రెషర్ ఎంత, ఉన్నది ఎంత, ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిను తిరిగే చుట్లు) ఎంత: ఈ మూడూ తెర మీద పెట్టి, లోడుతో ఘాటు ఎక్కిస్తూ రికార్డు చేయించాలి. బండి ఆగకముందే ఉన్న ప్రెషర్ జారిపోతూ ఉంటే జబ్బు డీజిల్ వైపు. ప్రెషర్ నిలకడగా ఉండి ఆర్‌పీఎం ఒక్కసారిగా సున్నా అయితే సెన్సార్ వైపు. షెడ్డులో నిలబెట్టి తీసిన స్కానింగ్ కంటే ఇది పదింతలు మేలు. ఘాటు దాకా వచ్చేవాడు దొరకాలి, అంతే.

ఇక మూడోది, పైసా ఖర్చు లేనిది. బండి ఎట్ట చచ్చిపోతోందో చూడటం. మా డ్రైవరు అబ్బోణ్ణి "ఎట్ట ఆగిందిరా?" అంటే "ఏమోన్నా, ఆగిపోయ అంతే" అన్నాడు. చూడాల్సింది ఆర్‌పీఎం ముల్లు. ఇంజిను ఆగినా గేరులో ఉన్న బండి ఇంకా దొర్లుతూ ఉంటుంది, ఆ దొర్లుడుకు ఇంజిను తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు కూడా ముల్లు టక్కున సున్నాకు పడిందంటే క్రాంక్ సెన్సార్ సిగ్నల్ పోయింది, లేదా ఈసీయూకి కరెంటే పోయింది. తాళం ఆన్‌లో ఉన్నా ఇంజిన్ లైటు వెలగకపోతే రెండోదే, అంటే మెయిన్ రిలే, ఫ్యూజు, ఎర్త్ చూసుకోవాలి. అలా కాకుండా బండి గుంజి గుంజి, రేస్ ఎక్కక, ముల్లు బండితో పాటే దిగుతూ పోతే అది డీజిల్ అందకపోవడం.

మమ్మల్ని తప్పుదోవ పట్టించింది ఆ పది నిమిషాల విరామం. వేడెక్కి చెడే క్రాంక్ సెన్సార్ చల్లారగానే బాగైపోతుంది. "చల్లారితే స్టార్టవుతోందంటే సెన్సారే సార్" అన్నారు షెడ్డులో. కొత్తది వేశాం. నాలుగో రోజు మళ్లీ మొగిలి ఘాటే. విషయమేమంటే, ట్యాంకులో చెత్త ఉన్నా ఇదే నాటకం జరుగుతుంది. పీల్చే జోరుకు చెత్త జల్లెడకు అతుక్కుంటుంది, ఇంజిను ఆగగానే పీల్చుడు ఆగి, జారి కిందికి పోతుంది. రెండింటినీ విడదీయాలంటే ఆ పది నిమిషాల్లోనే, స్టార్టు కాని క్షణంలోనే చూడాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ముల్లు కాస్త లేచి రెండు మూడొందల దగ్గర కదిలితే సెన్సార్ బతికే ఉంది. అసలు కదలకపోతే దాన్ని అనుమానించాలి. తడిగుడ్డ సెన్సార్‌కు చుట్టగానే స్టార్టయితే అనుమానం ఇంకా గట్టిపడుతుంది. డీజిల్ మూత తిప్పినప్పుడు ఉస్సుమని గాలి లోపలికి పోతే ట్యాంకుకు గాలి అందే దారి మూసుకుపోయినట్టు. ట్యాంకులో కరెంటు పంపు లేని బండ్లలో, ఫిల్టరుకూ పంపుకూ మధ్య పారదర్శకమైన డీజిల్ పైపు ముక్క వేసి చూస్తే బుడగలు కనిపిస్తాయి. పీల్చే వైపు పైపు పగిలితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే కింద చుక్క పడలేదని నమ్మకండి.

నన్నడిగితే ముందు ముల్లు, ఆ తర్వాత ఫిల్టరు, అప్పటికీ తేలకపోతే ఘాటు మీద లైవ్ డేటా. పంపుకూ నాజిళ్లకూ ఇవన్నీ అయ్యాకే చెయ్యి పెట్టనివ్వాలి. అయితే ఒక జాగ్రత్త. ఇంజిను ఆగితే పవర్ స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు బూస్టరులో రెండు మూడు తొక్కుళ్లకే బలం మిగులుతుంది. ముల్లు చూసే పని పక్కన కూర్చున్నవాడిది, డ్రైవరుది కాదు.

ఐదోసారి పక్కన నేనే కూర్చున్నాను. ముల్లు మెల్లగా దిగింది. సెల్ఫ్ కొడితే మళ్లీ లేచి కదిలింది. మరుసటి రోజు ట్యాంకు దించాం. జల్లెడకు అరచేయంత పాలిథిన్ కవరు ముక్క అంటుకుని ఉంది, డీజిల్లో నాని పసుపుబారి. దాన్ని చూసి అబ్బోడు తల గోక్కున్నాడు. "మూత పోయినప్పుడు కవరు కట్టి గుడ్డ చుట్టినాం కదన్నా, అదేమో."

తీసేసిన పాత సెన్సార్ ఇంకా డ్యాష్‌బోర్డు అరలోనే ఉంది. బాగానే పనిచేస్తుంది.