ఐస్ అక్కర్లేని కూలింగ్ షర్ట్ కొనేముందు ఇది చదవండి

వరంగల్, కరీంనగర్ వైపు నుంచి రేసులకు వెళ్లే అన్నలకు, తమ్ముళ్లకు చెప్తున్నాను. "ఐస్ అక్కర్లేదు, స్విచ్ వేస్తే చాలు" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న డ్రైవర్ కూలింగ్ కిట్ జోలికి పోకండి. నేను 38 వేలు పెట్టి కొన్నాను.

2023 ఖతార్ ఫార్ములా వన్ రేసు తర్వాతే ఇలాంటి చొక్కాల మీద పట్టింపు పెరిగిందని ప్రకటనలో రాశారు. అది నిజమే. ఆ రేసులో వేడికి డ్రైవర్ ఎస్టెబాన్ ఒకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు, మరో డ్రైవర్ లోగన్ సార్జెంట్ రేసు మధ్యలో కారు ఆపేశాడు. ఏసీ లేని కారులో ఫైర్ సూట్, హెల్మెట్ వేసుకుంటే చెమట ఆరే దారి ఉండదు. చొక్కాకు కుట్టిన సన్నటి ట్యూబుల్లో చల్లటి నీళ్లు తిరిగితే ప్రాణం లేచొస్తుంది. అందుకే నమ్మాను.

మేలో హనుమకొండలో ఇంటి ముందే కారు అద్దాలు మూసి, సూట్ వేసుకుని కూర్చున్నాను. ఇరవై నిమిషాల్లో నీళ్లు 31 డిగ్రీల నుంచి 37కు చేరాయి. చొక్కా తడి దుప్పటిలా ఒంటికి చుట్టుకుంది, కళ్లు తిరిగాయి. తమ్ముడు తలుపు తీసి బయటికి లాగాడు. ట్రాక్ మీద ఇదే జరిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ పోవట్లేదు.

నీళ్లు చల్లబరిచే డబ్బా విప్పితే లోపల ఒకే ఒక పెల్టియర్ ప్లేటు (కరెంటు ఇస్తే ఒకవైపు చల్లబడి, రెండోవైపు వేడెక్కే బిళ్ల) ఉంది. కారులో పెట్టుకునే చిన్న ఫ్రిజ్‌లలో ఉండేదే. 60 వాట్ల దాకా కరెంటు లాగుతుంది, మన ఎండల్లో నీళ్లలోంచి తీసే వేడి మాత్రం అంతకంటే చాలా తక్కువ. పైగా ఆ వేడి, కరెంటు వేడి రెండూ ఫ్యాన్ గాలితో మళ్లీ కారులోకే వస్తాయి. అదే ఐస్‌బాక్స్ అయితే, కిలో ఐస్ కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి పీల్చుకుంటుంది. అరగంటలో కరిగిందనుకుంటే దాదాపు 185 వాట్లు. ఐదు కిలోలు వేస్తే లెక్క మీరే చూసుకోండి. చిన్న పంపు, ఐస్‌బాక్స్ ఉన్న పాత పద్ధతి కిట్టే తీసుకోండి.

అంతకంటే భయపెట్టింది బట్ట. చొక్కా మీద ఫైర్‌ప్రూఫ్ అని ఉంది. కొత్తవాడలో జంఖానాలు నేసిన మా పెద్దనాన్న అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల పెట్టాడు. మైనంలా కరిగి నల్లటి పూసలా గట్టిపడింది. "గిది పాలిస్టర్ బిడ్డా, కాలితే ఒంటికి అతుక్కుంటది" అన్నాడు. రేసు సూట్లకు వాడే నోమెక్స్ లాంటి దారం కరగదు, మాడి నల్లబడుతుంది. మంట సూట్‌ను దాటకపోయినా వేడి లోపలికి దిగుతుంది, ఈ చొక్కా చర్మం మీదే కరుగుతుంది. లోపలి బట్టల మీద కూడా ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటార్ రేసుల సంస్థ) ఇచ్చే 8856-2018 ప్రమాణం లేబుల్ ఉందో లేదో చూడండి.

అమ్మినవాళ్లు "వాడేశారు కదా" అని వాపసు తీసుకోలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను. విప్పిన డబ్బా, కాలిన పోగు నా దగ్గరే ఉన్నాయి. కొనాలనుకునేవాళ్లు ముందు వచ్చి చూడండి.