యోకో రంగుల వెంట: కోబె, నిషివాకి, తెషిమ

పోస్టర్ డిజైనర్‌గా మొదలై చిత్రకారుడైన తదనోరి యోకో పని చూడాలంటే జపాన్‌లో ముఖ్యంగా మూడు చోట్లున్నాయి. టైమ్ ఉన్నవాళ్లు కోబె నగరం, నిషివాకి ఊరు, తెషిమ ద్వీపం, ఇదే వరుసలో వెళ్లాలని నా సలహా. ఒక్కటే కుదిరితే మాత్రం మరో ఆలోచన లేకుండా తెషిమకే వెళ్లండి.

కోబెలో ఆయన పేరుతో 2012లో మ్యూజియం తెరిచారు. ఓజి-కోయెన్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఆయన పోస్టర్లు, పెయింటింగులు వాళ్ల దగ్గర వేలల్లో ఉన్నా ఒకేసారి అన్నీ పెట్టరు. ఎగ్జిబిషన్ మారితే గోడలన్నీ మారిపోతాయి కాబట్టి అప్పుడు ఏది నడుస్తోందో ముందే చూసుకోవాలి. సోమవారం సెలవు.

ఆయన పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే పోస్టర్ 1965 నాటిది. 29 ఏళ్ల మనిషి తన బొమ్మనే ఉరితాడుకు వేలాడదీశాడు! చేతిలో గులాబీ, వెనక సూర్యకిరణాలు, ఒక మూల నిప్పులు కక్కే ఫూజీ కొండ, ఇంకో మూల బుల్లెట్ ట్రైన్, కింద తన పసితనపు ఫొటో. పొందిగ్గా, సాదాగా గీయడమే మంచి డిజైన్ అనుకునే రోజుల్లో ఇంత చేశాడు. 1972లో న్యూయార్క్‌లోని మోమా అనే ఆధునిక కళల మ్యూజియం ఆయన ఒక్కడి పనితోనే ప్రదర్శన పెట్టింది. అదే ఊళ్లో 1980లో పికాసో ప్రదర్శన చూశాక డిజైన్ పక్కనపెట్టి పెయింటింగ్‌లోకి దిగాడు.

ఇంతకీ ఈ రంగులు ఎక్కడివి? దానికి జవాబు నిషివాకిలో దొరుకుతుంది. ఆయన 1936లో పుట్టింది ఆ నేత ఊళ్లోనే. పెంచుకున్నవాళ్లు కిమోనో బట్టల వ్యాపారులు. బట్టల మూటల మీది రంగురంగుల లేబుళ్లు చూస్తూ పెరిగాడు. మన ఇళ్లలో దేవుడి క్యాలెండర్లున్నట్టు, ఆ పిల్లాడికి ఆ లేబుళ్లన్నమాట. రైలు పెట్టెలు వరసగా నిలబెట్టినట్టుండే అక్కడి మ్యూజియాన్ని అరాత ఇసొజాకి అనే ఆర్కిటెక్ట్ కట్టాడు, 1984లో తెరిచారు. నిహోన్-హెసో-కోయెన్ స్టేషన్‌లో దిగాలి. రైళ్లు మరీ తక్కువ, ఒకటి తప్పితే చాలాసేపు పడిగాపులే. యోకో 2000 నుంచి గీస్తూ వచ్చిన, రోడ్డు రెండుగా చీలే చోట్ల బొమ్మలకు మూలం కూడా ఈ ఊరే. అవి నచ్చినవాళ్లు ఈ శ్రమ పడొచ్చు. లేదంటే వదిలేయండి.

తెషిమ సంగతి వేరు. ఉనో రేవులో పడవెక్కి ఇయెఉరాలో దిగి కాస్త నడిస్తే 2013లో తెరిచిన తెషిమ యోకో హౌస్ వస్తుంది. పాత ఇంటిని యుకో నాగయామ అనే ఆర్కిటెక్ట్ మార్చి కట్టింది. తోటలో ఎర్ర రాళ్లు, రంగురంగుల మొజాయిక్ పరిచిన కాలవ. ఆ కాలవ ఇంట్లోకి వచ్చి అద్దపు నేల కింద నుంచి పారుతుంది. మన కాళ్ల కిందే నీళ్లు! బయట కళ్లు జిగేల్‌మనిపించిన ఆ రాళ్లను ఎర్ర అద్దం వెనక నుంచి చూస్తే ఎరుపంతా మాయమై మామూలు రాళ్లయిపోతాయి. నేను నాలుగడుగులు అటూ ఇటూ వేసి మళ్లీ మళ్లీ చూశాను. గుండ్రటి బురుజు లోపల గోడ నిండా జలపాతాల పోస్ట్‌కార్డులే. పైనా కిందా అద్దాలు ఉండటంతో అడుగు కనబడదు, ఆకాశం కనబడదు. కళ్లు తిరిగే అలవాటున్నవాళ్లు కాస్త జాగ్రత్త. టాయిలెట్‌ను కూడా వదల్లేదు, లోపలంతా అద్దంలా మెరిసే వెండి రంగే. ఫొటోలు తీయనివ్వరు. అదే మంచిదైంది, అందరూ నిదానంగా చూస్తున్నారు.

బస విషయానికొస్తే, ద్వీపంలో గదులు కొన్నే, త్వరగా నిండిపోతాయి. నేను దిగిన చోట గది శుభ్రంగానే ఉంది కానీ శాకాహారం అని ముందే రాసినా సూప్‌లో చేప రసం కలిసే వచ్చింది. ఉనోలోనో ఒకాయామాలోనో ఉండి పొద్దున్నే పడవెక్కడం మేలు. ఉప్పు ప్లమ్ పెట్టిన అన్నం ముద్దలు కొనుక్కుని వెళ్తే మధ్యాహ్నం టెన్షన్ ఉండదు. రేవు దగ్గర అద్దెకిచ్చే బ్యాటరీ సైకిల్ తీసుకోండి, కొండ దారి మామూలు సైకిల్‌తో కష్టం. యోకో హౌస్‌ను మంగళవారం సాధారణంగా మూసేస్తారు. దిగగానే తిరుగు పడవ టైమ్ ఫొటో తీసి పెట్టుకోండి, ఆఖరిది సాయంత్రమే వెళ్లిపోతుంది.