బూజీ రివ్యూ: ఆఖరి అస్త్రంగా దాచకండి, మొదటి ప్రయత్నానికే తీయండి

శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసేటప్పుడు దానికి దారి చూపించే పుల్లే బూజీ. చూడ్డానికి ఏమీ ఉండదు. 60 సెంటీమీటర్ల పొడవు, సుమారు 5 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక సన్నని పుల్ల, చివర రెండున్నర సెంటీమీటర్ల మేర కాస్త పైకి వంగి ఉంటుంది, అంతే. స్క్రీన్ లేదు, బ్యాటరీ లేదు, ఛార్జింగ్ గొడవ లేదు. అయినా అంబులెన్స్ బ్యాగులో శ్వాసనాళంలోకి ట్యూబ్ వేసే సామాను తగ్గించుకోమని ఎవరైనా అంటే, లారింగోస్కోప్ (నాలుక ఎత్తి గొంతు లోపలికి చూసే పరికరం) తర్వాత నేను వదలనని పట్టుబట్టేది దీని గురించే.

ఆపరేషన్ థియేటర్లో టేబుల్ ఎత్తు మార్చుకోవచ్చు, లైటు ఉంటుంది, పేషెంట్ కడుపు ఖాళీగా ఉంటుంది. బయట అలా కాదు. మనిషి బాత్రూమ్ గుమ్మంలో పడి ఉంటాడు, లేదా నుజ్జయిన కారులోంచి అప్పుడే బయటికి తీసి ఉంటారు, మెడకి కాలర్ ఉంటుంది, నోటినిండా రక్తమో వాంతో ఉంటుంది, మనం నేల మీద బోర్లా పడుకుని లోపలికి చూడాలి. అలాంటప్పుడు ట్యూబ్ దూరాల్సిన స్వరతంత్రులు మొత్తం కనిపించడం అదృష్టమే. చాలాసార్లు వాటి కింది అంచు మాత్రం కనిపిస్తుంది, ఒక్కోసారి ఎపిగ్లాటిస్ (శ్వాసనాళం మీద మూతలా ఉండే భాగం) తప్ప ఇంకేమీ కనిపించదు. ఇక ట్యూబ్ తీసుకెళ్లి అక్కడ పెట్టగానే, అది లావుగా ఉంటుంది కాబట్టి, ఆ కనిపించే కాస్తా కూడా మూసుకుపోతుంది. బూజీ అసలు ఉపయోగం ఇక్కడే మొదలవుతుంది. సన్నగా ఉంటుంది కాబట్టి చూపుకి అడ్డం రాదు, వంపు తిరిగిన కొనని పైకి పెట్టి ఎపిగ్లాటిస్ కిందుగా మధ్యలోంచి జారిస్తే దారి అదే వెతుక్కుంటుంది.

సరిగ్గా వెళ్లిందో లేదో వేళ్లకి తెలుస్తుంది, ఇంకే పరికరంలోనూ నాకు దొరకనిది ఇదే. శ్వాసనాళం ముందు గోడలో మృదులాస్థి రింగులుంటాయి కదా, బూజీ కొన వాటి మీదుగా వెళ్తుంటే టిక్ టిక్‌మని చిన్న చిన్న అదుర్లు చేతికి వస్తాయి, చీకట్లో గోడకేసి వేళ్లు రాస్తూ నడుస్తుంటే ఇటుకల సందులు తగిలినట్టు. ఇంకాస్త లోపలికి పంపితే పెదాల దగ్గర 24 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఎక్కడో ఆగిపోతుంది, ఎందుకంటే సన్నబడుతున్న ఊపిరితిత్తుల గొట్టాల్లో కొనకి ఇక చోటుండదు. అన్నవాహికలోకి వెళ్తే అదుర్లూ ఉండవు, ఆగడమూ ఉండదు, హాయిగా జారిపోతూనే ఉంటుంది. అలా జారిపోతుందంటే వెంటనే వెనక్కి లాగేయాలి. అదుర్లు అందరిలోనూ తెలియవు, ఆగిపోవడమే ఎక్కువ నమ్మదగిన గుర్తు, కానీ దానికోసం బలంగా తోయకూడదు, లోపల గాయమవుతుంది. గుర్తు కోసం మెల్లగా పంపి, తగలగానే కొద్దిగా వెనక్కి తీసుకోవాలి.

ఇది కొత్త వస్తువేమీ కాదు. 1949లోనే రాబర్ట్ మెకింటోష్ అనే మత్తు డాక్టర్ ఒక గమ్ ఎలాస్టిక్ కాథెటర్‌ని (వంగే సన్నని గొట్టం) ట్యూబ్‌కి దారి చూపించడానికి వాడి రాశాడు. ఇప్పుడు మనం చూసే పొడవు, ఆ కొన వంపు 1970లలో పాల్ వెన్ చేసిన డిజైన్ నుంచి వచ్చాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా చాలామంది దీన్ని "ట్యూబ్ వెళ్లకపోతే అప్పుడు చూద్దాం" అని బ్యాగు అడుగున పడేస్తారు. నా అభ్యంతరమంతా దీని మీదే. రెండోసారి ప్రయత్నించే సమయానికి ఆక్సిజన్ పడిపోతూ ఉంటుంది, నోట్లో వాపు, రక్తం పెరుగుతాయి, చేతులు వణుకుతాయి, టెన్షన్ టీమ్ మొత్తానికి పాకుతుంది. 2013లో వచ్చిన ఒక అమెరికన్ ఎమర్జెన్సీ విభాగం లెక్కల్లో మొదటి ప్రయత్నంలోనే ట్యూబ్ పడినవాళ్లలో ఏదో ఒక ఇబ్బంది తలెత్తింది 14 శాతం మందికి, రెండో ప్రయత్నం కావాల్సి వచ్చినవాళ్లలో 47 శాతం మందికి. అందుకే మంచి వస్తువుని రెండోసారికి దాచుకోవడంలో నాకు అర్థం కనిపించదు.

పారామెడిక్‌ల చేతుల్లో ఏమైందో కూడా చూడండి. అమెరికాలోని సియాటెల్‌లో అన్ని కేసుల్లోనూ మొదటి ప్రయత్నానికే బూజీ వాడేలా పద్ధతి మార్చుకున్నారు, 2021లో ఫలితాలు ప్రచురించారు, మొదటి ప్రయత్నంలో సక్సెస్ 70 శాతం నుంచి 77 శాతానికి పెరిగింది. అంతకు ముందు 2018లో మినియాపోలిస్‌లోని ఒక ఎమర్జెన్సీ విభాగంలో చేసిన ట్రయల్లో, ట్యూబ్ వేయడం కష్టమైనవాళ్లలో మొదటి ప్రయత్నం సక్సెస్ బూజీతో 96 శాతం, స్టైలెట్ (ట్యూబ్ ఆకారం నిలవడానికి లోపల పెట్టే గట్టి తీగ) పెట్టిన ట్యూబ్‌తో 82 శాతం.

ఇక్కడితో ఆపేస్తే అన్యాయం అవుతుంది. 2021లోనే చాలా ఆసుపత్రుల ఎమర్జెన్సీలు, ఐసీయూలు కలిసి 1,100 మందికి పైగా పేషెంట్లతో ఇంకో ట్రయల్ చేస్తే బూజీతో 80.4 శాతం, స్టైలెట్‌తో 83 శాతం వచ్చింది, అంటే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. వస్తువు అదే, ఫలితం ఎందుకు మారింది? నాకు తోచిన కారణం ఒకటే, మినియాపోలిస్ వాళ్లు అప్పటికే దాన్ని రోజూ వాడుతున్నారు. కొని బ్యాగులో పెడితే సరిపోదు, ప్రాక్టీసు బొమ్మ మీద చేయి తిరిగేదాకా వాడాలి, అదీ నేల మీద బొమ్మ పెట్టి, నోట్లో నీళ్లు పోసి, పక్కన సక్షన్ (నోట్లోది పీల్చేసే గొట్టం) పట్టుకుని.

ప్రాక్టీసులో ఎక్కువగా తడబడేది బూజీ వేయడం దగ్గర కాదు, దాని మీదుగా ట్యూబ్ ఎక్కించడం దగ్గర. బూజీ లోపలికి వెళ్లగానే పని అయిపోయిందని లారింగోస్కోప్ తీసేస్తారు, నాలుక కిందికి పడిపోతుంది, ట్యూబ్ ఇరుక్కుంటుంది. లారింగోస్కోప్ అలాగే ఉంచాలి. అయినా ట్యూబ్ స్వరపేటిక దగ్గర తగిలి ఆగితే గట్టిగా నెట్టడం మానేసి, రెండు సెంటీమీటర్లు వెనక్కి తీసి, గడియారం ముల్లుకి ఎదురు దిశలో పావు చుట్టు తిప్పి మళ్లీ పంపితే చాలావరకు జారిపోతుంది. ఎందుకంటే ట్యూబ్ ఏటవాలు అంచు సాధారణంగా కుడివైపు ఎరిటినాయిడ్‌కి (స్వరపేటిక వెనకవైపు ఉండే చిన్న మృదులాస్థి) కొట్టుకుంటుంది, తిప్పగానే అంచు దిశ మారుతుంది. ఇంకోటి, దీనికి రెండో మనిషి కావాలి. బూజీ పై కొన పట్టుకునేదీ, ట్యూబ్ ఎక్కించేదీ, ఆఖర్న ట్యూబ్ కదలకుండా బూజీ బయటికి లాగేదీ ఆయనే. ఒకే పారామెడిక్ ఉన్న బండిలో ఇది నిజంగా లోటే, ట్యూబ్‌ని ముందే బూజీకి ఎక్కించి మడిచి పట్టుకునే పద్ధతులున్నాయి కానీ వాటికి ఇంకా ఎక్కువ ప్రాక్టీసు కావాలి. అన్నీ సరిగ్గా తగిలినా, అదుర్లు తెలిసినా, చివరి మాట కాప్నోగ్రఫీదే, అంటే బయటికొచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచి గీతగా చూపే పరీక్షదే. కార్బన్ డయాక్సైడ్ గీత రాకపోతే ట్యూబ్ తప్పు దారిలో ఉందనే అనుకోవాలి.

వీడియో లారింగోస్కోప్ ఉంటే బూజీ ఎందుకు అని అడుగుతారు. వీడియో మంచిదే, 2023లో వచ్చిన పెద్ద ట్రయల్లో మొదటి ప్రయత్నం సక్సెస్ వీడియోతో 85 శాతం, మామూలు లారింగోస్కోప్‌తో 71 శాతం దాకా ఉంది. డబ్బులుంటే కొనండి. కానీ కెమెరా మీద ఒక్క రక్తపు చుక్క పడితే స్క్రీన్ ఎర్రగా అయిపోతుంది, ఎండలో స్క్రీన్ కనపడదు, అప్పుడు మళ్లీ బూజీయే గతి. మామూలు వంపు బ్లేడ్ ఉన్న వీడియో పరికరంతో బూజీ బాగా కలుస్తుంది, బాగా వంగిన బ్లేడ్‌తో మాత్రం గట్టి స్టైలెట్ మేలు, బూజీ ఆ మలుపు తిరగదు. ఇవేవీ కుదరకపోతే మొండికేయకుండా ఐ-జెల్ (శ్వాసనాళంలోకి దూరకుండా స్వరపేటిక పైనే కూర్చునే గొట్టం) లాంటిది వేసేయండి. ఇంగ్లండ్‌లో 9 వేల మందికి పైగా కార్డియాక్ అరెస్ట్ పేషెంట్ల మీద చేసిన ట్రయల్లో దానితోనూ ట్యూబ్‌తోనూ కోలుకోవడంలో తేడా రాలేదు.

నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది ప్యాకింగ్ వల్ల. ఒక సరఫరాదారు మాకు మడత పెట్టిన ప్యాకెట్లు పంపాడు, బ్యాగులో చక్కగా పడతాయి కానీ తెరిచాక ఆ మడత పోదు, కొన పైకి పెడదామంటే పక్కకి తిరుగుతుంది. వాపసు పంపేశాం. నిటారు ప్యాకెట్టే అడగండి, బ్యాగులో పట్టకపోతే మానిటర్ కేసు పక్కన కట్టుకోండి. కొనేముందు ఒకటి తెరిచి కొన వంచి చూడండి, వంపు నిలబడాలి, కానీ మరీ కర్రలా ఉండకూడదు. ఒకసారి వాడి పారేసే కొన్ని రకాలు పాత గమ్ ఎలాస్టిక్ దానికన్నా బాగా గట్టిగా ఉంటాయి, వాటితో చేయి ఇంకా తేలిగ్గా పెట్టాలి. పెద్దవాళ్ల బూజీ 6 సైజు ట్యూబ్ కన్నా చిన్నదానిలో పట్టదు, పిల్లల కోసం సన్నది విడిగా తెప్పించుకోవాలి. రెండూ ఒకే పౌచ్‌లో పెడితే తొందరలో ఒకదానికి బదులు ఇంకోటి చేతికొస్తుంది, పిల్లలదానికి వేరే రంగు టేపు వేసి పిల్లల కిట్‌లోనే ఉంచండి.