పడవ ట్రైలర్‌కు రాటలు: ఆరు సీజన్లు వాడాక

డాలస్ చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో దక్షిణపు గాలి మొదలైతే సాయంత్రం దాకా వదలదు. లూయిస్‌విల్ లేక్‌లో పొద్దున్నే పడవ దింపేటప్పుడు అద్దంలా ఉన్న నీళ్లు, పదకొండింటికి బయటికి తీసే వేళకి అలలు కొడుతుంటాయి. రేవులో, అంటే నీళ్లలోకి దిగే ఏటవాలు దారి మీద, ట్రైలర్ సగం మునిగి ఉంటుంది. పడవ ముక్కు సరిగ్గా మధ్యలోకి తెస్తాం. వించి (పడవని ట్రైలర్ మీదికి లాగే చక్రం) పట్టీ తగిలించేలోపు వెనక భాగాన్ని గాలి పక్కకు తోసేస్తుంది. పడవ వంకరగా కూర్చుంటుంది. మళ్లీ దింపు, మళ్లీ మొదలుపెట్టు. వెనక లైన్లో బళ్లు ఆగి ఉంటాయి. ఆ టెన్షన్ పడినవాళ్లకే తెలుస్తుంది.

ఆ బాధ పడలేకే 2019 మార్చిలో గైడ్ పోస్టులు కొన్నాను. ట్రైలర్ వెనక చివర రెండు పక్కలా నిలువుగా నిలబడే గొట్టాలివి, పడవ వాటి మధ్యలోంచి లోపలికి వస్తుంది. కోనసీమలో పుట్టినవాణ్ణి కాబట్టి నాకు వాటిని చూడగానే నోటికొచ్చిన మాట రాట. ఇకపై ఆ మాటే వాడతాను.

ముందే చెప్పేస్తాను: రాటలు లేని ట్రైలర్ మీదికి ఇక నేను పడవ ఎక్కించను. కానీ పెట్టెలో వచ్చినవి వచ్చినట్టే బిగించి ఊరుకుంటే ఎక్కువ రోజులు నిలవవు. లోపం గొట్టంలో కన్నా దాని పాదంలో ఉంది. ఊళ్లో పందిరి రాట పాతేటప్పుడు ముందు గుంత ఎంత లోతు తీశారో చూస్తారు. ట్రైలర్ మీద గుంత ఉండదు, మూడంగుళాల ఫ్రేమ్ ఉంటుంది, దాని చుట్టూ రెండు యూ-బోల్టులు ఉంటాయి. నలభై అంగుళాల రాటకి ఆ పాదం చాలదు. ఏ కంపెనీ కిట్ అని చెప్పడం లేదు, ఎందుకంటే నేను చూసిన కిట్లన్నిటి డిజైనూ ఇంచుమించు ఒకటే.

మాది 18 అడుగుల అల్యూమినియం ఫిషింగ్ బోటు, వెడల్పు 92 అంగుళాలు. ట్రైలర్‌ది జింక్ పూత ఇనప ఫ్రేమ్. కిట్‌లో రెండు ఎల్ ఆకారపు ఇనప గొట్టాలు, వాటి నిలువు భాగానికి తొడిగే తెల్ల పీవీసీ గొట్టాలు, పైన టోపీలు, ప్లేట్లు, యూ-బోల్టులు వచ్చాయి. అప్పట్లో సుమారు 120 డాలర్లు పడింది. ఎల్‌లో అడ్డకాలు ఫ్రేమ్ కింద దూరుతుంది, కింద నుంచి ప్లేటు పెట్టి బిగిస్తాం. ఫ్రేముకి రంధ్రం చేయక్కర్లేదు. ఇది నాకు బాగా నచ్చింది. జింక్ పూత ఉన్న ఫ్రేముకి డ్రిల్ పెడితే ఆ రంధ్రం అంచు నుంచే తుప్పు మొదలవుతుంది, పైగా లైట్ల వైర్లు చాలా ట్రైలర్లలో ఆ ఫ్రేమ్ లోపలే పోతాయి.

కొలతల విషయంలో తొందరపడొద్దు. పడవ ట్రైలర్ మీద సరిగ్గా మధ్యలో కూర్చున్నప్పుడే కొలవాలి, ఖాళీ ట్రైలర్ మీద ఊహించి బిగించకూడదు. పడవకీ రాటకీ మధ్య పక్కకి అంగుళంన్నర వదిలాను. పడవ 92, రెండు పక్కలా కలిపి ఖాళీ 3, రెండంగుళాల పీవీసీ గొట్టం బయటి కొలత సుమారు 2.4 కాబట్టి రెండింటికీ 4.8. మొత్తం 100 అంగుళాల లోపే. ఇక్కడ రోడ్డు మీద వెడల్పు పరిమితి 102 అంగుళాలు, అంటే ఎనిమిదిన్నర అడుగులు. పడవే ఎనిమిదిన్నర అడుగులున్నవాళ్లు ఈ లెక్క ముందే వేసుకోవాలి. ఖాళీ మరీ ఎక్కువ వదిలినా లాభం లేదు. నాలుగంగుళాలు వదిలిన స్నేహితుడి పడవ రాటల మధ్యలోంచే వంకరగా వచ్చి కూర్చునేది.

మొదటి సీజన్ హాయిగా గడిచింది. నేను అనుకోని లాభం ఒకటి కనిపించింది. బండి నడిపేది మా ఆవిడ, పడవలో ఉండేది నేను. ఖాళీ ట్రైలర్‌ను రివర్స్ చేసేటప్పుడు అద్దాల్లో ఏమీ కనిపించదు, అది పక్కకి తిరిగిన సంగతి బాగా తిరిగాకే తెలుస్తుంది. రాటలు పెట్టాక రెండు అద్దాల్లోనూ రెండు తెల్ల గీతలు. ఏ పక్క గీత పెద్దదవుతుంటే ట్రైలర్ ఆ పక్కకి పోతున్నట్టు. తను రెండు వారాల్లో నాకన్నా బాగా రివర్స్ చేయడం మొదలుపెట్టింది.

రెండో ఏడు జూన్‌లో అసలు విషయం బయటపడింది. గాలి ఎడమ నుంచి బలంగా కొడుతోంది. పడవ వెనక భాగం కుడి రాటకి ఆనుకుంది. "ఏమండీ, కుడి రాట వాలిపోతోంది చూడండి!" అని మా ఆవిడ కిటికీలోంచి అరిచింది. నేను చూసేసరికి రాట బయటికి వంగింది, పడవ అంచు జారి మడ్‌గార్డుకి గీసుకుంది. ఇంటికొచ్చి చూస్తే రెండు దెబ్బలు తగిలాయి. ఎల్ మోచెయ్యి దగ్గర గొట్టం లోపలి వైపు నొక్కుకుపోయింది. ఫ్రేమ్ కింద ప్లేటు ఒక పక్క మడతపడింది. యూ-బోల్టు మాత్రం చెక్కుచెదరలేదు.

ఎందుకిలా అయిందో ఒక్కసారి లెక్క చూడండి. పడవ రాటకి తగిలేది అడ్డకాలు నుంచి సుమారు 30 అంగుళాల ఎత్తులో. అక్కడ 60 పౌండ్ల తోపుడు అనుకుందాం, అలల్లో తేలుతున్న పడవకి అది పెద్ద సంగతి కాదు. 60ని 30తో గుణిస్తే 1800. దాన్ని కాచుకోవాల్సింది మూడంగుళాల వెడల్పు ఫ్రేమ్ అంచులు, అంటే 1800ని 3తో భాగిస్తే ఒక్కో అంచు మీద 600 పౌండ్లు. పలచటి ప్లేటు మడతపడక ఏం చేస్తుంది? అదే అడ్డకాలిని 14 అంగుళాల ఎడంలో రెండు చోట్ల పట్టుకుంటే ఆ బలం 130 పౌండ్లకి దిగుతుంది. బోల్టు లావు పెంచక్కర్లేదు, పట్టు మధ్య దూరం పెంచితే చాలు.

కిట్‌లోని అడ్డకాలు అందుకు పొట్టిది. ఒక వెల్డింగ్ షాపులో ఒకటిన్నర అంగుళాల చదరపు గొట్టంతో 32 అంగుళాల కొత్త అడ్డకాళ్లు చేయించాను. నిలువు భాగం కిట్‌లోదే, వంగిన చోట కోసేసి దీనికి అతికించారు. చదరపుది ఎందుకంటే గుండ్రటి కాలు క్లాంపులో, అంటే ప్లేటూ యూ-బోల్టుల పట్టులో, తిరుగుతుంది. అది తిరిగితే రాట ముందుకో వెనక్కో వాలుతుంది. పాత క్లాంపు పక్క ఫ్రేమ్ దగ్గరే ఉంచి, 14 అంగుళాలు లోపలికి వెనక అడ్డ దూలానికి ఇంకో యూ-బోల్టు వేశాను.

ఇక్కడ ఒక తప్పు చేశాను. నా ట్రైలర్‌లో పక్క ఫ్రేమ్ అడుగు, అడ్డ దూలం అడుగు ఒకే మట్టంలో లేవు. అర అంగుళం సందు. ఆ సందులో చేతికందిన చెక్క ముక్క పెట్టి బిగించాను. నెల తిరక్కుండా చెక్క తడిసి, నొక్కుకుని, నట్లు వదులయ్యాయి. హైవే మీద యాభై మైళ్లు వెళ్లి దిగి చూస్తే ఎడమ రాట చేత్తో ఊపితే ఊగుతోంది. తర్వాత అర అంగుళం మందం ఇనప పట్టీ పెట్టాను, మళ్లీ వదులవలేదు. క్లాంపు కింద చెక్క గానీ రబ్బరు గానీ పెట్టొద్దు.

రెండో క్లాంపు ప్లేటుని కాపాడుతుంది గానీ మోచేతిని కాపాడదు, అక్కడ పడే బలం అంతే ఉంటుంది. అందుకే అతుకు లోపలి మూలలో నాలుగంగుళాల త్రికోణపు రేకు, పావు అంగుళం మందంది, రెండు వైపులా వెల్డింగ్ చేయించాను. జింక్ పూత ఉన్న ఇనుమును అలాగే వెల్డ్ చేస్తే వచ్చే పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, కాబట్టి పూతని ముందు గ్రైండర్‌తో తీసేయాలి. అయ్యాక జింక్ ఎక్కువగా ఉండే స్ప్రే రెండు పూతలు కొట్టాను. ఆ అతుకుల దగ్గర ఇప్పటికీ తుప్పు లేదు.

మూడోది ఏటవాలు ఊత. రాట మీద 14 అంగుళాల ఎత్తు నుంచి ముందు వైపు పక్క ఫ్రేముకి దిగేలా ఒక యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనప బద్ద) ముక్క. మొదట ఇనప పట్టీతో చేద్దామనుకుంటే వెల్డరే వద్దన్నాడు. పట్టీని లాగితే ఆగుతుంది, నెడితే వంగుతుంది. పడవ లోపలికి వస్తూ రాటని ముందుకు నెడుతుంది కాబట్టి యాంగిలే కావాలి. బిగించే ముందు టైరుకి దూరం చూసుకోండి. పడవ బరువు పడి స్ప్రింగులు దిగినప్పుడు టైరు ఊతకి తగలకూడదు. నేను మూడంగుళాలు వదిలాను.

వీటన్నిటికీ కలిపి 160 డాలర్ల దాకా అయింది, కిట్ ధర కన్నా ఎక్కువ. అయినా ఆ డబ్బు గురించి ఒక్కసారి కూడా బాధపడలేదు. ఆ తర్వాత నాలుగు సీజన్లలో టెక్సోమా లేక్‌కి చారల బాస్ చేపల కోసం ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు, ఎదురుగాలి, పక్కగాలి అన్నీ చూశాం, రాటలు ఒక్క డిగ్రీ కూడా వాలలేదు.

పీవీసీ గొట్టాల గురించి. తెల్ల పీవీసీ టెక్సస్ ఎండకి మూడేళ్లలో సుద్దలా అయింది, చేత్తో తుడిస్తే పొడి అంటుకునేది. నాలుగో ఏడు ఒకటి పగిలింది. దాని బదులు కరెంటు వైర్లకి వాడే బూడిద రంగు పీవీసీ గొట్టం వేశాను, అది ఎండకి తట్టుకునేలా చేస్తారు. హార్డ్‌వేర్ షాపులో పదడుగుల ముక్క దొరుకుతుంది, రెండు రాటలకీ సరిపోతుంది. అద్దంలో తెల్లదానంత బాగా కనిపించదని పైన ఎర్ర రిఫ్లెక్టర్ టేపు చుట్టాను.

లోపలి ఇనప గొట్టానికీ పీవీసీకీ మధ్య ఖాళీ ఉండటం వల్ల రోడ్డు మీద లొడలొడ శబ్దం వస్తుంది. చాలామంది ఆ ఖాళీలో ఫోమ్ కూరుతారు. నేనూ కూరి తీసేశాను. ఫోమ్ నీళ్లు పట్టి ఉంచుతుంది. టెక్సస్‌లో జీబ్రా మసెల్స్ (వేగంగా పెరిగి లేకుల్ని పాడుచేసే చిన్న ఆల్చిప్పలు) మొదట బయటపడింది 2009లో టెక్సోమా లేక్‌లోనే, తర్వాత లూయిస్‌విల్‌లోకీ వచ్చేశాయి. వాటి పిల్లలు కంటికి కనిపించవు, ఒక లేక్ నీళ్లు ఇంకో లేక్‌కి మోసుకెళ్తే వాటినీ మోసుకెళ్లినట్టే. పడవలో నీళ్లన్నీ వదిలేసి రేవు దాటాలని ఇక్కడ చట్టమే ఉంది. రాటలో తడి ఫోమ్ దాచుకుని తిరగడం నాకు మనసొప్పలేదు. పీవీసీ ముక్కల్ని ఉంగరాల్లా కోసి, చీలిక పెట్టి, ఇనప గొట్టానికి మూడు చోట్ల తొడిగాను. శబ్దం పోయింది, నీళ్లు కిందికి కారిపోతాయి. రాటల మీద తొడిగే గుడ్డ కవర్లు కూడా ఇదే కారణంగా తీసేశాను. నాచు వాటికే అంటుకుంటుంది.

రాటల పైన ఎల్ఈడీ లైట్లు పెట్టాను, నీళ్లలో మునగవు. వైరు రాట లోపల్నుంచే దింపాలి, ఇనప గొట్టం నోటి దగ్గర రబ్బరు బుష్ తప్పనిసరి. ఆ అంచు కత్తిలా ఉంటుంది, నాకు ఒకసారి ఆకుపచ్చ వైరు కోసేసి కుడి ఇండికేటర్ ఆగిపోయింది. ఎర్తింగ్ తెల్ల వైరు కూడా విడిగా కిందికి తెచ్చి ఫ్రేముకి కలపండి, పీవీసీ మీద కూర్చున్న లైటుకి వేరే దారి లేదు. కింద ఉన్న పాత లైట్లు తీయలేదు, అవి రెండో కాపలా.

40 అంగుళాలవా, 60 అంగుళాలవా అని చాలామంది అడుగుతారు. వేసవి చివర్లో నీటిమట్టం తగ్గి రేవు నిటారుగా ఉన్న చోట ట్రైలర్ వెనక చివర ఇంకా లోతుకి దిగుతుంది, అప్పుడు 40వి దాదాపు మునిగిపోతాయి. అలాంటి రేవుల్లోనే ఎక్కువ తిరిగేవాళ్లు 60వి తీసుకోవాలి. కానీ పొడవు పెరిగితే పాదం మీద భారం కూడా అంతే పెరుగుతుంది, ఊత లేకుండా 60వి బిగించొద్దు. నాకు 40వి చాలాయి.

రాటలు చేయని పనులు కూడా ఉన్నాయి. రోడ్డు మీద పడవని పట్టి ఉంచవు, వెనక రెండు పట్టీలు కట్టాల్సిందే. ట్రైలర్ మరీ లోతుకి దించితే పడవ కింద దాన్ని మోసే ట్రైలర్ బల్లల మీద ఆనకుండా తేలుతూనే ఉంటుంది, రాటలున్నా వంకర పోదు. మడ్‌గార్డులు సగం మునిగేంత వరకే దించండి. మా అబ్బాయి రాటల్ని పట్టుకుని ట్రైలర్ మీదికి ఎక్కేవాడు, అది మాన్పించడానికి ఒక సీజన్ పట్టింది. ఇంకో పెద్ద మేలు, రాటలున్నాక ఇంజన్ గట్టిగా తిప్పి పడవని ట్రైలర్ మీదికి ఎక్కించే అవసరం ఉండదు. ప్రొపెల్లర్ తోసే నీళ్లకి రేవు చివర మట్టి కొట్టుకుపోయి గుంత పడుతుంది, తర్వాత వచ్చేవాడి ట్రైలర్ చక్రం అందులో దిగబడుతుంది. మెల్లగా తెచ్చి వించితో లాక్కుంటే సరిపోతుంది.

నిర్వహణ అంటే పెద్దగా ఏమీ లేదు. నైలాన్ రింగున్న నట్లు వాడండి, జింక్ పూత బోల్టులే వాడండి. బిగించాక నట్టు, ప్లేటు, ఫ్రేమ్ మూడింటి మీదుగా పసుపు పెయింట్ మార్కరుతో ఒక గీత గీయండి. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత తెగినట్టు కనిపిస్తుంది, పానా తీయకుండానే తెలిసిపోతుంది. పక్కకి ఎనిమిది, మొత్తం పదహారు గీతలు మావి. బయల్దేరే ముందు టైర్లతో పాటు వాటిని కూడా చూడటం మా అబ్బాయి పని. మొన్న మార్చిలో చూసి, "నాన్నా, పదహారూ కలిసే ఉన్నాయి, ఎడమ టోపీ ఒక్కటి పగిలింది" అన్నాడు. కొత్త టోపీ ఆర్డర్ పెట్టాను.