చాక్లెట్, టెంకాయ: తిరుపతి ఎండలో ఏళ్లుగా తింటూ, చేస్తూ తెలుసుకున్నవి

చాక్లెట్, టెంకాయ కలిపిన తీపి ఏది కనిపించినా కొని రుచి చూడటం నాకు కాలేజీ రోజుల నుంచి అలవాటు. ఇంట్లో చెయ్యడం పెళ్లయ్యాక మొదలైంది. ఇన్నేళ్లలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటే. అందరూ మంచి చాక్లెట్ కోసం వెతుకుతారు గానీ, ఈ తీపి కుదరడం, కుదరకపోవడం తేలేది టెంకాయలోని తడి దగ్గర.

ముందు కొనేవాటి సంగతి. అందరికీ తెలిసింది బౌంటీ. మార్స్ కంపెనీ 1951లో బ్రిటన్‌లో మొదలుపెట్టిన బార్ ఇది. నీలం కాగితంలో ఉండేది పాల చాక్లెట్, ఎర్ర కాగితంలోది డార్క్. మన దగ్గర పెద్ద సూపర్ మార్కెట్లలో దిగుమతి సరుకు పెట్టే అరలో దొరుకుతుంది, కాబట్టి రేటు ఎక్కువే. ఎర్రది కనిపిస్తే నేను వదలను. లోపలి టెంకాయ ఎలాగూ తియ్యగా ఉంటుంది, పైన కాస్త చేదు తగిలితేనే ఆ తీపికి అందం. చాక్లెట్‌లో ఉండే కొవ్వు, అంటే కోకో బటర్, దాదాపు 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నోట్లో వేడి అంతకంటే ఎక్కువ కాబట్టి కొరకగానే చాక్లెట్ కరిగి జారిపోతుంది. టెంకాయ మాత్రం కరగదు, నమిలేకొద్దీ పాలు వదులుతూనే ఉంటుంది. చాక్లెట్ రుచి తగ్గే వేళకు టెంకాయ రుచి అందుకుంటుంది. నాకు ఈ జోడీ మీద ఇంత ఇష్టం దీనివల్లే.

ఆ 34 డిగ్రీలే మనకు చిక్కు కూడా. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ 40 దాటిపోతుంది. పగలు కరిగి, రాత్రి మళ్లీ గడ్డకట్టిన బార్ విప్పితే పైన బూడిద పూసినట్టు తెల్లటి పొర ఉంటుంది. అది బూజు కాదు, లోపలి కొవ్వు పైకి తేలడం. తింటే ఏమీ కాదు, కానీ పుటుక్కున విరిగే గుణం పోయి నోట్లో పిండిపిండిగా తగులుతుంది. మా వీధి చివర అంగట్లో కొన్నది ఒకసారి అట్లే ఉండింది. ఎండాకాలంలో ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే చోటే కొనండి.

బిస్కెట్లలో పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. పైన చక్కెర పలుకులు చల్లిన కొబ్బరి బిస్కెట్లు రెండు తీసుకుని, మధ్యలో కరిగించిన డార్క్ చాక్లెట్ పూసి, పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే పిల్లలకు సాయంత్రం పూటకు చాలు.

ఇంట్లో చేసే బార్లకు నా కొలత ఇది: 200 గ్రాముల డెసికేటెడ్ కోకోనట్ (ఆరబెట్టిన కొబ్బరి తురుము), 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్, చిటికెడు ఉప్పు. ఉప్పు మానొద్దు, అది లేకపోతే తీపి మొహం మొత్తుతుంది. కలిపి, వేలెడంత ముక్కలుగా గట్టిగా నొక్కి, అరగంట ఫ్రీజర్‌లో పెడతాను. ముంచడానికి 55 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ 250 గ్రాములు. అమూల్‌ది వాడుతున్నాను, ఏ అంగట్లో అయినా దొరుకుతుంది. వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. ఆవిరి చుక్క ఒక్కటి లోపల పడినా చాక్లెట్ బిగుసుకుపోయి ముద్దయిపోతుంది, అందుకే పై గిన్నె కింది గిన్నె కంటే వెడల్పుగా ఉండాలి.

ముంచేటప్పుడు ముక్కను ఫోర్కు మీద పెట్టి, ముంచి పైకెత్తి, ఫోర్కును గిన్నె అంచుకు నాలుగుసార్లు తట్టాలి. కారడం ఆగి, పైన టెంకాయ పోగుల గరుకు లీలగా కనిపించాలి. అప్పుడు బటర్ పేపర్ మీదికి జారిస్తే అడుగున మడుగు కట్టదు. పూత అంత పల్చగా ఉంటేనే కొరికినప్పుడు చిన్న చప్పుడు వస్తుంది.

చాక్లెట్ పల్చబడటానికి చెంచాడు కొబ్బరి నూనె వెయ్యమని చాలామంది చెప్తారు. చల్లటి దేశాల్లో సరేగానీ, తిరుపతిలో నేను వెయ్యను. కొబ్బరి నూనె 24 డిగ్రీలకే కరుగుతుంది, పైగా కోకో బటర్‌తో కలిస్తే దాన్ని కూడా మెత్తబరుస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రెండు నిమిషాలకే వేళ్లకు అంటుకుంటుంది. కాంపౌండ్ చాక్లెట్ అయితే ఈ బాధలేమీ ఉండవు, కరిగించి ముంచితే చాలు. కానీ అందులో కోకో బటర్‌కు బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది, తిన్నాక అంగిట్లో మైనంలా పొర మిగులుతుంది. టెంకాయ రుచిని ఆ పొర కప్పేస్తుంది, అందుకే నాకు నచ్చదు. కొనేముందు లేబుల్ చదవండి.

ఇక పచ్చి టెంకాయ. తిరుమలలో అఖిలాండం దగ్గర కొట్టినవి, కాణిపాకం వెళ్లొస్తే తెచ్చినవి, ఇంట్లో పూజవి, మా ఇంట్లో టెంకాయ చిప్పలకు ఎప్పుడూ కొదవ లేదు. పచ్చి కొబ్బరిలో సగానికి దగ్గరగా నీళ్లే ఉంటాయి, అందుకే దాన్ని నేరుగా చాక్లెట్‌లో ముంచితే పూత పగిలి లోపలి తడి బయటికి వస్తుంది, రెండో రోజుకే పులుపు వాసన. దీనికి దారి మన పూర్ణంలోనే ఉంది. వెనక గోధుమరంగు పొట్టు తీసి తురిమి, చిత్తూరు బెల్లంతో సన్నటి సెగ మీద దగ్గరకు వచ్చేదాకా కలపాలి. మా అవ్వ ఓళిగలకు చేసేటప్పుడు "గిన్నె వదలాల, చేతికి అంటకూడదు" అనేది. ఆ పాకానికి వచ్చాక ఉండలు చేసి, బాగా చల్లారాక డార్క్ చాక్లెట్‌లో ముంచితే బెల్లం వాసన, కోకో చేదు చక్కగా కలుస్తాయి. కండెన్స్‌డ్ మిల్క్ బార్ల కంటే నాకు ఇవే ఎక్కువ ఇష్టం. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల్లో తినేయాలి.

కోకో మనకు పరాయి పంట కూడా కాదు. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే, అదీ గోదావరి జిల్లాల కొబ్బరి తోటల్లో, చెట్ల నీడన అంతర పంటగా. తోటలో పక్కపక్కన పెరిగినవే పళ్లెంలో కలుస్తున్నాయనుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

ఎండాకాలంలో మాత్రం నా ఓటు కోకో కజ్జికాయలకు. ఎండు కొబ్బరి పొడి కప్పు, వేయించిన పప్పుల (పుట్నాల) పొడి అర కప్పు, చక్కెర పొడి ముప్పావు కప్పు, తియ్యదనం కలపని కోకో పౌడర్ రెండు చెంచాలు, కాస్త యాలకుల పొడి. పప్పుల కమ్మదనం కోకోకు భలే జత. అంచులు తడి చేసి గట్టిగా మూయాలి, ఒక్కటి విచ్చుకున్నా కోకో నూనెలో పడి మాడి తక్కినవాటికి చేదు పట్టిస్తుంది. లోపల తడి లేదు, కరిగేది లేదు. హాస్టల్లో ఉన్న మా పెద్దోడికి మే నెలలో బస్సులో పంపినా విరగకుండా, కారకుండా చేరతాయి. గాలి చొరని డబ్బాలో పెడితే రెండు వారాలు బాగుంటాయి.